మా ఊళ్ళో అన్నీ మూడు హెచ్‌పీలే

మా ఊళ్ళో రైతుకు కరెంటు ఉచితం. ఈ మాట మీరు పేపర్లో చదివే ఉంటారు, గోడల మీద చూసే ఉంటారు. నేను కాదనడం లేదు. కరెంటు ఉచితమే. కాకపోతే ఆ కరెంటు వచ్చే తీగ, ఆ తీగను మోసే స్తంభం, స్తంభాల చివర కూర్చున్న ట్రాన్స్‌ఫార్మర్, అది కాలిపోతే పట్నానికి తీసుకుపోయే ట్రాక్టరు, ట్రాక్టరులో డీజిలు, తోడు వెళ్ళినవాళ్ళకు బిర్యానీ, ఇవి మాత్రం మావి. ఇంతకాలం మేమెవరమూ దీని గురించి పెద్దగా బాధపడలేదు. ఉచితంగా వచ్చినదానికి ఆ మాత్రం ఖర్చు పెట్టకపోతే మర్యాదగా ఉండదని అనుకున్నాం కాబోలు.

నేను చిత్తూరులో కోర్టుకు దగ్గర్లో టైపు, జిరాక్సు అంగడి నడుపుతాను. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు ఊరికి వస్తాను. జనం కోపాలను మర్యాదగల భాషలో పెట్టడం నా వృత్తి. "ఆ దొంగముండాకొడుకు నా గట్టు దున్నేసినాడు" అని ఒకాయన నా బల్ల గుద్ది చెబితే, "ప్రతివాది నా సరిహద్దును అతిక్రమించియున్నాడు" అని టైపు కొట్టి ఇస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. అందుచేత మా ఊరి అర్జీలన్నీ నా మెడకే చుట్టుకుంటాయి. అక్షరం ముక్క వచ్చినవాళ్ళు ఊళ్ళో ఇంకా నలభై మంది ఉన్నారు. వాళ్ళంతా సంతకం చేసేటప్పుడు మాత్రమే చదువుకున్నవాళ్ళు.

మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఏటా ఎండాకాలంలో ఒకసారైనా కాలుతుంది. కాలితే ఫోను చేయడానికి ఒక నంబరు ఉంది, ఆఫీసువాళ్ళే వచ్చి మార్చాలని రూలు ఉంది. మా ఊళ్ళో ఆ నంబరుకు ఎవరూ ఫోను చేయరు. కాలిన వాసన రాగానే మా చిన్నాయన టవలు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. మోటారుకు ఇంత అని చందా పోగవుతుంది. ట్రాక్టరు వస్తుంది. పదిమంది దాన్ని దించి ఎక్కించి, రిపేరు షెడ్డుకు తీసుకుపోయి, అక్కడివాళ్ళకు ఇవ్వవలసినది ఇచ్చి, మర్నాడు కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెస్తారు. రెండుసార్లు వార్డు మెంబరుగా చేసినవాడు కాబట్టి మా చిన్నాయనకు ఈ ఊరేగింపు చాలా ఇష్టం. ఇదంతా ఆఫీసువాళ్ళు చేయవలసిన పని కదా అని ఒకసారి అడిగాను.

"రూలు ఉండాది అమ్మణ్ణీ, లేదనలా" అన్నాడు. "ఆ రూలు నడిసి వచ్చేలోపల ఈడ పైరు ఉండద్దా?"



నాలుగేళ్ళ కిందట సబ్‌స్టేషనుకూ మా ఊరికీ మధ్యలో, రోడ్డు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి వెలిసింది. కాయ దిగే కాలంలో రెండు నెలలు అది రాత్రనక పగలనక నడుస్తుంది. లారీలు బారులు తీరి, ఈగలు మా గుమ్మాల దాకా వస్తాయి. మాకు వచ్చే కరెంటు తీగ ఆ ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే వస్తుంది. ఫ్యాక్టరీ మొదలైన రోజు మాకు వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. పొలంలో మోటారు గుర్రుమంటుంది తప్ప నీళ్ళెత్తదు. అట్లా గుర్రుమంటూ ఉంటే లోపలి తీగచుట్ట వేడెక్కి కాలిపోతుంది. లైను చివర ఉన్నవాళ్ళకు ఈ బాధ అందరికంటే ఎక్కువ, ఎందుకంటే ముందున్నవాళ్ళంతా తాగగా మిగిలినదే వాళ్ళకు చేరుతుంది.

ఈ ఏడాది శివరాత్రి అయిన వారానికి కరెంటాఫీసు నుంచి ఊరికి ఒక ఉత్తరం వచ్చింది. సబ్‌స్టేషను నుంచి మా ఊరి దాకా ఉన్న సన్న తీగ తీసేసి లావు తీగ వేస్తారట. మా ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో పెద్దది పెడతారట. అయ్యే ఖర్చులో సగం ప్రభుత్వం భరిస్తుంది, మిగతా సగం "లబ్ధిదారులైన రైతులు" వారి వారి మోటార్ల హెచ్‌పీని బట్టి కట్టాలి. ఎవరి మోటారు ఎన్ని హెచ్‌పీయో రాసి, సంతకాలు పెట్టి, జాబితా ఇవ్వాలి. ఉత్తరం నేనే చదివి వినిపించాను. లబ్ధిదారులు అనే మాట దగ్గర అందరూ కొంచెం నిటారుగా కూర్చున్నారు. ఫ్యాక్టరీ పేరు ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది లబ్ధి పొందడం లేదు కాబోలు.

ఆదివారం పొద్దున, పాలు పోయడం అయ్యాక, పాల కేంద్రంలోనే మీటింగు పెట్టారు. హెచ్‌పీని బట్టి అని ఉత్తరంలో స్పష్టంగా ఉన్నా, మా ఊరివాళ్ళు దాన్ని సలహాగానే తీసుకున్నారు. ఆరెకరాలకు ఒక్క మోటారు ఉన్నాయన లేచి, మోటారుకు ఇంత అని వేసుకోవడమే న్యాయమన్నాడు. అరెకరం ఉన్నాయన, ఎకరాకు ఇంత అని వేస్తేనే దేవుడు మెచ్చుతాడన్నాడు. మామిడి తోపులున్నవాళ్ళు, మాకు చెట్లు పెద్దవైపోయినాయి, నీళ్ళు పెట్టేది తక్కువ కాబట్టి మమ్మల్ని సగం మనుషులుగా లెక్కపెట్టమన్నారు. మోటారు లేనివాడు ఒకడు వచ్చి, ఇంటికి ఇంత అని మాత్రం వేయొద్దని ముందే చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు. న్యాయం గురించి అంత లోతుగా ఆలోచించే మనుషులు మా ఊళ్ళో ఇంతమంది ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. ఎవరి న్యాయం వాళ్ళ పొలం గట్టు దగ్గర సరిగ్గా ఆగుతుంది.

చివరికి మా చిన్నాయన లేచి, "కాయితంలో రాసినట్లే పోదాం. హెచ్‌పీకి ఇంత. యాల ఈ రచ్చ?" అన్నాడు. వెంటనే అందరూ ఒప్పుకున్నారు. ఇంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారా అని నేను ఆశ్చర్యపోతూ పెన్ను తీశాను.

"మూడు" అన్నాడు మొదటాయన.

"మూడు" అన్నాడు రెండో ఆయన.

మూడు, మూడు, మూడు. హాజరు పట్టీలో ప్రజెంట్ సార్ అన్నట్టు చెప్పుకుంటూ పోయారు. మా ఊళ్ళో బోర్లు తక్కువలో తక్కువ అయిదారు వందల అడుగులు. ఆ లోతునుంచి మూడు హెచ్‌పీ మోటారు నీళ్ళు తెస్తుందంటే మా ఊరి మేకలు కూడా నమ్మవు. ఎప్పుడో కరెంటు సర్వీసు తీసుకున్నప్పుడు, డిపాజిట్టు తక్కువ పడుతుందని అందరూ మూడని రాయించారు. తరువాత నీళ్ళు కిందికి పోయేకొద్దీ మోటారు పెరిగింది, కాగితం పెరగలేదు. దించేది బోరులోకి కాబట్టి ఆఫీసరు వచ్చినా చూడలేడు. ఆరువందల అడుగులు దిగి మోటారు మీది పలక చదివే ఆఫీసరు ఇంకా పుట్టలేదు. ఒకవేళ మోటారు పైకి తీసినప్పుడు ఎవరైనా చూస్తారేమోనని, పట్నంలో మెకానిక్ దగ్గర మూడని రాసిన పలక కొట్టించుకుంటారు. మోటారుతో పాటు పలక అడిగితే అతను ఎందుకని కూడా అడగడు.

మా నాయన వంతు వచ్చింది. మాది ఏడున్నర. పోయిన సంవత్సరం దాన్ని కొనడానికి చిత్తూరుకు వచ్చినప్పుడు నేనే అంగడికి తోడు వెళ్ళాను, బిల్లు నా బీరువాలో ఉంది. నాయన నా వైపు చూడకుండా పాల క్యాన్ల వైపు చూస్తూ, "మూడు" అన్నాడు. నేను రాశాను. ఇరవై ఏళ్ళుగా ఇతరుల అబద్ధాలు శుభ్రంగా కొట్టిచ్చిన చెయ్యి, ఇంటి అబద్ధం దగ్గర మాత్రం ఎందుకు ఆగుతుంది?

పదిహేడు మూళ్ళు అయ్యాక చివర పెద్దమ్మ మిగిలింది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. చర్చి వీధిలో ఉంటుంది. నా చిన్నప్పుడు ఇదే పాల కేంద్రంలో పాలు కొలిచేది, అప్పటి నుంచి ఊరందరికీ పెద్దమ్మే. భర్త పోయాక ఎకరంబావు పొలాన్ని, మా మాటలో కయ్యను, తనే చూసుకుంటోంది. ఆ కయ్య మా లైనులో చిట్టచివరి స్తంభం దగ్గర ఉంది. పోయిన ఏడాది గుజ్జు కాలంలో ఆమె మోటారు రెండుసార్లు కాలింది. ఈసారి టమోటా పెట్టింది. నారు, కట్టెలు, దారం అన్నీ అప్పు మీదే. పంట దిగేదీ ఫ్యాక్టరీ నడిచేదీ ఒకటే కాలం. ఇంకోసారి మోటారు కాలితే సేద్యం మానేసి, ఆ ఫ్యాక్టరీలోనే కాయలు ఏరే కూలికి పోతానని ఆమె అందరికీ చెప్పింది. బెదిరింపుగా కాదు, పండక్కి కూతురింటికి పోతానని చెప్పినట్టు చెప్పింది.

"అయిదు" అంది పెద్దమ్మ.

నా పెన్ను ఆగింది.

"పెద్దమ్మా, నీ కాయితంలో మూడే గదా ఉండేది" అన్నాడు చిన్నాయన, పిల్లలకు చెప్పినట్టు.

"కాయితంలో మూడు. బోర్లో అయిదు" అంది. "మీరంతా ఈ లిస్టు కట్టాల్సిన దుడ్లు పంచుకునేదానికే అనుకుంటా ఉండారు. ఆఫీసోళ్ళు దీన్ని సూసి గదప్పా, ఎంత టాన్సుపారం తేవాల్నో లెక్క కట్టేది. మనమంతా మూడు మూడు అంటే మూడుకు సరిపోయేదే తెస్తారు. నా అయిదు దాని మింద యాడ తిరుగుతాది? అయిదనే రాయి పాపా."

రాశాను. ఆమె అక్కడితో ఆగలేదు.

"ఆ గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళది ఎన్ని హెచ్‌పీ? అది రాసినావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. "వాళ్ళు మన లిస్టులో లేరు పెద్దమ్మా" అన్నాను.

"మన తీగ మింద ఉండారు గదా" అంది ఆమె.

అది విన్నవాళ్ళు ఉన్నారు, తలూపినవాళ్ళు కూడా ఉన్నారు. కానీ అప్పటికి బస్సు వేళయింది, రేషను అంగడి తెరిచారు, మీటింగు లేచిపోయింది. మాలో ఎవరు రెండు హెచ్‌పీలు దాచాలి, ఎవరు నాలుగు దాచాలి అన్న పనిలో మునిగి, ఫ్యాక్టరీ దాచినది ఎంతో అడగడానికి మాకు తీరిక దొరకలేదు. పెద్దమ్మ అమాయకురాలని, పాపం అందరికంటే ఎక్కువ కడుతుందని ఆ రోజు ఇంటి దారిలో నాయనతో అన్నాను. నాయన జాలిపడ్డాడు. జాలికి హెచ్‌పీ లేదు కదా, ఎంతైనా పడవచ్చు.

మరుసటి వారం చిన్నాయన, నేను జాబితా పట్టుకుని కరెంటాఫీసుకు వెళ్ళాం. ఇంజనీరు చిన్నవాడు, మర్యాదస్తుడు. మా ముందే కూడాడు.

"మొత్తం యాభై ఆరమ్మా" అన్నాడు. "మీకిప్పుడున్న ట్రాన్స్‌ఫార్మర్ అరవై మూడు మోస్తుంది. ఇంకా ఏడు మిగులుతోంది. మీవాళ్ళే సంతకాలు పెట్టి ఇచ్చారు. పెద్దది ఎందుకు?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను నా వృత్తి భాషలోకి దిగి, వేసవిలో ఓల్టేజి పడిపోవడం, మోటార్లు కాలిపోవడం, రైతులు పడుతున్న తీవ్ర ఇబ్బందులు అంటూ మొదలుపెట్టాను. ఆయన ఓపికగా విన్నాడు. మా మోటార్ల సంగతి ఆయనకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కానీ బల్ల మీద ఉన్నది యాభై ఆరు, దాని కింద పద్దెనిమిది సంతకాలు.

"ఇంత లోడుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలదమ్మా. కాలినట్టు మా రికార్డులో కూడా లేదు" అన్నాడు.

ఎట్లా ఉంటుంది? ఫోను చేయకుండా మేమే ట్రాక్టరులో వేసుకుపోయి, బిర్యానీ పెట్టి, బాగుచేయించి తెచ్చుకున్నవన్నీ ఏ రికార్డుకు ఎక్కుతాయి? మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాగితం మీద ఒక్కసారి కూడా కాలలేదు. ఆఫీసు లెక్కలో మాదొక ఆదర్శ గ్రామం. చిన్నాయన తన ఊరేగింపులన్నీ తలుచుకుంటున్నట్టు నేలచూపులు చూశాడు.

"మరి తీగ సంగతి?" అన్నాను.

"ఫ్యాక్టరీ దాకా మారుస్తాం. అది వేరే ఎస్టిమేటు. అక్కడినుంచి మీ ఊరికి పాతదే చాలు."

ఫ్యాక్టరీ లోడు ఎంత, దానికి ఎవరు కడుతున్నారు అని అడిగాను. అది హైటెన్షన్ సర్వీసు, తిరుపతి పెద్దాఫీసులో అడగాలన్నాడు. తరువాత తిరుపతికి ఫోను చేశాను. ఏ లైను మీద ఎవరున్నారో స్థానికంగానే తెలుస్తుందన్నారు. మేము కట్టేటట్టయితే తీగ సబ్‌స్టేషను నుంచి మొదలవుతుంది, ఖర్చు పంచుకోవడంలో ఫ్యాక్టరీ కనపడదు. మేము కట్టకపోతే తీగ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగుతుంది, అప్పుడు ఫ్యాక్టరీ తప్ప ఇంకేమీ కనపడదు. ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలి.

మేము లేవబోతుంటే ఇంజనీరు జాబితా మళ్ళీ చూశాడు. చివరి పేరు దగ్గర వేలు పెట్టాడు.

"ఈవిడ సర్వీసు మూడుకు కదా? అయిదు వాడుతున్నట్టు తనే రాసి సంతకం పెట్టింది. అదనపు లోడు. నోటీసు ఇవ్వాలి. నేను ఏం చేయలేనమ్మా, కాగితం మీద పడింది."

పద్దెనిమిది మందిలో ఒక్కరు నిజం చెప్పారు. నోటీసు ఆ ఒక్కరికే వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఇంజనీరు మీద మండాలో, చిన్నాయన మీద మండాలో, ఆ జాబితా తప్పుల్లేకుండా అందంగా కొట్టిన నా మీదే మండాలో తెలియక బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఊళ్ళో దీనికి పరిష్కారం అరగంటలో దొరికింది. మా ఊళ్ళో నిజాన్ని సరిదిద్దడానికి ఎప్పుడూ ఎక్కువసేపు పట్టదు. "మూడుకు బదులు పొరపాటున అయిదని పడింది, దయచేసి సవరించవలసినది" అని పెద్దమ్మ పేరుతో ఒక ఉత్తరం కొట్టమన్నారు. ఆమెకు నోటీసు తప్పుతుంది, ఊరికి పరువు దక్కుతుంది, ఆఫీసువాళ్ళు మిగతావాళ్ళ బోర్ల వైపు చూడకుండా ఉంటారు. ఈ మూడో సంగతి మెల్లగా చెప్పారు. నేను కొట్టాను. ఆమె మంచికే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఉత్తరం తీసుకుని ఆమె కయ్యకు వెళ్ళాను. టమోటా మోకాలు దాటింది, పూత మీద ఉంది. మోటారు మూలుగుతోంది, గొట్టంలోంచి నీళ్ళు బొటనవేలంత లావున వస్తున్నాయి. ఆమె చేతులు తుడుచుకుని ఉత్తరం మెల్లగా చదివింది. మిషనరీ బడిలో చదివిన మనిషి, అక్షరం వదలదు.

"ఇది కొట్టింది నువ్వేనా పాపా?"

"ఔను పెద్దమ్మా."

"మీ నాయనది మూడని కొట్టింది కూడా నువ్వే గదా?"

ఔనని తలూపాను.

"మీదేడున్నర. మోటారు దించిన దినం నేను ఆడనే ఉండా, నాలుగు గొలుసులు కట్టి దించినారు" అంది. కోపంగా అనలేదు. "పొరపాటు యాడ పడిందో ఆడ దిద్దుకోండి. నాది సరిగ్గానే ఉండాది." ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టింది. నోటీసులో అడిగిన డబ్బు పాలడబ్బులోంచి రెండు విడతల్లో కట్టేసి, రసీదు తీసుకుని బైబిల్లో పెట్టుకుంది.

నాకు సిగ్గేసింది. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు. నిజంగానే వేసింది. ఆ వారమంతా అంగడిలో ఎవరి అర్జీ కొట్టినా పక్కన ఆ పదిహేడు మూళ్ళే కనిపించాయి. శనివారం కొత్త జాబితా ఒకటి తయారు చేశాను. మొదటి వరసలో మా నాయన, ఏడున్నర. తరువాత అందరి మోటార్లూ ఉన్నవి ఉన్నట్టు, నాకు తెలిసినంతవరకు. కూడితే నూరు దాటింది. అడుగున, గుజ్జు ఫ్యాక్టరీ ఇదే తీగ మీద ఉంది కాబట్టి తీగ ఖర్చు వాళ్ళ లోడు ప్రకారం వాళ్ళకు వేసి, మిగిలినది మాకు హెచ్‌పీ ప్రకారం పంచవలసినదని రాశాను. నా జీవితంలో నేను కొట్టిన అర్జీల్లో అబద్ధం లేనిది అదొక్కటే. దాని మీద పద్దెనిమిది సంతకాలు కావాలి.

మొదట నాయన దగ్గర పెట్టాను. చదవమన్నాడు, చదివాను.

"ఇప్పుడు నిజం సెప్తే ఇన్నేండ్లదీ కలిపి అడగరా మే?" అన్నాడు.

"అడగొచ్చు. అందరమూ కలిసి పోతే ఏదో ఒక దారి చూపిస్తారు. ఈ రకంగానైతే పెద్దమ్మ మోటారు పోతాది నాయనా."

"పోనీమని నేను అనలేదే. మీ సిన్నాయన్ను పెట్టమను. ఆ పక్కన నేను పెడతా."

చిన్నాయన, మామిడి తోపు వాళ్ళు పెడితే తను పెడతానన్నాడు. మామిడి తోపు వాళ్ళు, ఆరెకరాలాయన పెట్టాలన్నారు. ఆరెకరాలాయన, మీ నాయన పెట్టినాడా అని అడిగాడు. వారం రోజులు ఆ కాగితంతో ఊరు చుట్టాను. టీలు చాలా తాగాను. ఎవరూ కాదనలేదు. అందరూ నేను మంచి పని చేస్తున్నానన్నారు. ఒక్క సంతకం మాత్రం పడింది, అది పెద్దమ్మది. సంతకాలు లేకుండానే దాన్ని తీసుకుపోయి ఇంజనీరు బల్ల మీద పెట్టి రావచ్చు. బిల్లు నా బీరువాలోనే ఉంది కదా. పెట్టలేదు. పెడితే మొదటి నోటీసు మా ఇంటికే వస్తుంది. పరుల కోసం పోట్లాడే అర్జీలు వందలు కొట్టాను గానీ, మా ఇంటి మీద కొట్టాల్సి వచ్చేసరికి కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

కాయ దిగింది. లావు తీగ ఫ్యాక్టరీ గేటు దాకా మెరుస్తూ వచ్చి ఆగింది. ఈసారి ఫ్యాక్టరీ ఇంకొక గుజ్జు మిషను పెట్టిందన్నారు. నాలుగో రోజు పెద్దమ్మ మోటారు కాలింది. పైకి తీయించడానికి, చుట్టించడానికి, మళ్ళీ దించడానికి వారం పడుతుంది, అప్పు ఇంకా పుట్టాలి. ఎండలు అప్పుడు ఎట్లా ఉంటాయో మా వైపువాళ్ళకు తెలుసు. బిందెలతో మోసి రెండు సాళ్ళు బతికించుకుంది. మిగతా కయ్య పిందె మీదే ముడుచుకుపోయింది. పదిహేడు మోటార్లవాళ్ళలో ఒకరైనా ఒక పూట ఆమెకు గొట్టం వేసి ఉండవచ్చు. ఎవరి మోటారుకూ అంత నీళ్ళు రావడం లేదన్నారు. మూడు హెచ్‌పీ మోటార్లు కదా.

ఆ తరువాతి సోమవారం నేను బస్సులో పోతుంటే ఫ్యాక్టరీ దగ్గర ఆమె దిగింది. తలకు గుడ్డ కట్టుకుని, టిఫిను డబ్బా పట్టుకుని. కాయలు ఏరే పనిలో చేరిందట. "కరెంటు బ్రహ్మాండంగా ఉండాది పాపా ఆడ, ఫ్యాను కింద పని" అంది దిగుతూ. నన్ను దెప్పడానికి అన్నదో, నిజంగానే చల్లగా ఉందని అన్నదో ఇప్పటికీ తెలియదు. మా ఊళ్ళో అయిదు హెచ్‌పీ వాడుకోవడానికి రసీదుతో సహా హక్కు ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం నాయన, నేను భోజనానికి కూర్చున్నాం. సంగటి, ఊరిబిండి. పొద్దున్నే మడికి నీళ్ళు కట్టి వచ్చిన నాయన మంచి ఉషారుగా ఉన్నాడు.

"ఈ వారం ఓల్టేజి బాగుండాది మే" అన్నాడు. "నీళ్ళు నిండా పడతా ఉండాయి."

"పెద్దమ్మ మోటారు ఆగిపోయినాది గదా" అన్నాను, గట్టిగా తగలాలనే. "ఆమె అయిదూ మనకు మిగిలినాయి."

నాయన ముద్ద మింగాడు. నా వైపు చూశాడు. మొహంలో కోపం లేదు, సిగ్గూ లేదు. తనకు ఎప్పుడో తట్టిన సంగతి కూతురికి ఇప్పటికి తట్టిందన్న తృప్తి ఉంది.

"అదే గదా నేనూ అనుకుంటా ఉండేది" అని, మజ్జిగ పోయమన్నాడు.

పోశాను.